ఛెత్రిని కోచ్‌ని చేయాలా? మా నలుగురి మాట



పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశం అయ్యాక కాఫీల దగ్గర మొదలైన వాదన, అందరూ బండ్లు తీసేదాకా తెగలేదు. గొడవ సంఘం లెక్కల గురించి కాదు, ఫుట్‌బాల్ గురించి. సునీల్ ఛెత్రి ఆట మానేసిన రోజున బెంగళూరు ఎఫ్‌సీ అతన్నే కోచ్‌గా పెట్టుకోవాలని మన కుర్రాళ్ల పట్టు. "అతను కాకపోతే ఇంకెవరు అంకుల్?" అని అడిగారు. కంఠీరవ స్టేడియానికి ఏళ్లుగా కలిసి వెళ్తున్న మా నలుగురిదీ వేరే అభిప్రాయం. ఆ అరుపుల్లో చెప్పలేకపోయాం, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మాకు ఛెత్రి మీద అభిమానం తక్కువేమీ కాదు. సికింద్రాబాద్‌లో పుట్టాడని మనవాళ్లం కాస్త ఎక్కువగానే మురిసిపోతాం. వాళ్ల నాన్నగారిది సైన్యంలో ఉద్యోగం. ఆ పుట్టుక తప్ప అతని మీద మనకు వేరే హక్కు లేదనుకోండి! 2013లో క్లబ్ పెట్టినప్పుడే వచ్చాడు. రెండు ఐ-లీగ్ టైటిళ్లు, 2018-19 ఐఎస్‌ఎల్ టైటిల్, అన్నిట్లో అతని చెయ్యి ఉంది. అతని ఆట కోసమే మేము టికెట్ కొనడం మొదలుపెట్టాం.

కానీ గోల్ కొట్టడం ఒక పని, పదకొండు మందిని ఎంచి ఆడించడం ఇంకో పని. మొదటిది బాగా చేసినవాడికి రెండోది బహుమతిగా ఇస్తే ఏమవుతుందో బయటి క్లబ్బులు చూపించాయి.

న్యూకాజిల్‌కు 206 గోల్స్ కొట్టిన అలన్ షియరర్‌ను 2009 ఏప్రిల్‌లో, క్లబ్ మునిగిపోతుండగా పిలిచారు. ఊరంతా సంబరపడింది. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, జట్టు కింది డివిజన్‌కు జారిపోయింది. యువెంటస్ 2020లో ఆంద్రియా పిర్లోను ముందు అండర్-23 జట్టుకు కోచ్ అని ప్రకటించి, పదిరోజులు తిరక్కుండానే పెద్ద జట్టు అప్పగించింది. రెండు కప్పులు తెచ్చాడు, కాదనం. కానీ వరసగా తొమ్మిదేళ్లు లీగ్ గెలిచిన క్లబ్ నాలుగో స్థానంలో నిలిచింది, ఏడాదికే పంపించేశారు. చెల్సీ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన లాంపార్డ్‌ను 2021 జనవరిలో తీసేశారు. అదే జట్టు, టూకెల్ చేతికి వచ్చాక నాలుగు నెలలకు చాంపియన్స్ లీగ్ గెలిచింది.

"మరి జిదాన్? గార్డియోలా?" అని కుర్రాళ్లు అడిగారు. మంచి ప్రశ్నే. గార్డియోలా బార్సిలోనా పెద్ద జట్టుకు రాకముందు, 2007-08లో నాలుగో డివిజన్‌లో ఆడుతున్న బి జట్టును నడిపాడు. జిదాన్ ఒక సీజన్ ఆన్చెలొట్టి పక్కన సహాయకుడిగా కూర్చుని, తర్వాత రియల్ రెండో జట్టును చూసుకున్నాడు. 2016 జనవరిలో పెద్ద కుర్చీ ఎక్కాడు, వరసగా మూడు చాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. వాళ్ల పేరు వాళ్లకు తలుపు తీసి ఉండొచ్చు. కానీ ఇద్దరూ ముందు పని నేర్చుకున్నారు.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ను చూడండి. బడిపంతులు. ఆటగాడిగా దేశమంతా తెలిసిన పేరు కాదు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల బంగారు పతకాలు ఆయన కోచ్‌గా ఉన్నప్పుడు వచ్చినవే. మన బెంగళూరుకు 2018-19 టైటిల్ తెచ్చిన కార్లెస్ క్వాద్రాత్ కూడా అంతకుముందు ఆల్బర్ట్ రోకా దగ్గర సహాయకుడే.

"ఛెత్రి మాటను ఆటగాళ్లు కాదనరు" అన్నారు. మొదటి నెల కాదనరు. నిన్నటిదాకా పక్కన కూర్చుని అన్నం తిన్నవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు పనికొచ్చేది పాత గోల్స్ కావు, అనుభవం.

మా అసలు భయం ఇంకోటి. హీరోను ప్రశ్నించలేం. వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడినా నోరు మెదపం. ఆరోది ఓడాక మనమే తిడతాం.

మన సంఘంలో ఇది జరగలేదా? హాలు కోసం ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగేసిన పెద్దాయన్ని కృతజ్ఞతగా కోశాధికారిని చేశాం. లెక్కలు ఆయన పని కాదని అందరికీ తెలుసు. ఏడాదంతా మొహమాటానికి ఎవరమూ అడగలేదు. చివరికి సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ కటువుగా అడిగాం. ఒక్క పైసా తేడా లేదని తర్వాత తేలింది, రసీదులే సరిగ్గా పెట్టలేదు. ఆయన మాత్రం మళ్లీ హాలు గడప తొక్కలేదు. ఆ తప్పు ఆయనది కాదు, మనది. ఉగాదికి ముందు వరసలో ఆ కుర్చీ ఖాళీగా కనిపించినప్పుడల్లా మా నలుగురికీ అదే గుర్తొస్తుంది.

కాబట్టి మేము అంటున్నది "వద్దు" అని కాదు, "ఇప్పుడే వద్దు" అని. ఆట ఆపాక అతనికి కోచ్ పని మీద నిజంగా ఇష్టం ఉంటే లైసెన్సులు ఒక్కో మెట్టూ పూర్తి చేయనీ. క్లబ్ పిల్లల జట్టును రెండేళ్లు నడపనీ. ఒక మంచి కోచ్ పక్కన కూర్చోనీ. అప్పుడు మిగతా అభ్యర్థులను అడిగిన ప్రశ్నలే అతన్నీ అడిగి, సరిపోతే ఇవ్వాలి. అలా ఇస్తే మొదటి రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది మేమే.

అతనికి ఆ పని ఇష్టం లేకపోతే, కంఠీరవలో ఒక స్టాండుకు అతని పేరు పెట్టండి. కృతజ్ఞత చూపించడానికి అది చాలా మంచి దారి. ఓడిపోయిన మర్నాడు ఆ పేరు ఎవరూ తీసేయమనరు.

కుర్రాళ్లూ, మీ జవాబు కింద రాయండి. వచ్చే ఆదివారం కాఫీ ఖర్చు మాది.