వయసు ఖాతాలో రాసినవన్నీ వయసువేనా?



యాభై దగ్గర పడిన కార్మికుడు చెవి సరిగా వినపడటం లేదన్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నా సేటు దగ్గరా, దవాఖానలోనూ, చివరికి ఇంట్లోనూ ఒకటే జవాబు: "వయసు మీద పడింది కదా!" ఆ మాటతో మన నోరు మూతపడుతోంది. వయసు చేసేదేమిటో, పని చేసేదేమిటో విడదీసి తెలుసుకోవడం కూలి రేటు తెలుసుకోవడమంత అవసరం.

వయసుతో శరీరం మారడం నిజమే. అది సేటుకీ వస్తుంది, మనకీ వస్తుంది. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కుతుంది, తెగిన పోగు దగ్గరగా పెట్టుకుంటే కనపడదు. అది రోగం కాదు, అద్దాలు పెట్టుకుంటే చాలు. ముప్ఫై దాటిన దగ్గర నుంచి కండ మెల్లగా తగ్గుతుంది, అరవై దాటాక తొందరగా తగ్గుతుంది. ఎముకలు పలచబడతాయి. ముట్లుడిగిన స్త్రీలకు ఇది ఎక్కువ. నిద్ర పలచనవుతుంది, కనుక రాత్రి పాళీ ఇరవైలో ఉన్నంత తేలిక యాభైలో కాదు. దాహం తెలియడం, చెమట పట్టడం కూడా తగ్గుతాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన షోలాపూర్‌లో, రేకుల షెడ్డు కింద పనిచేసే పెద్దవాళ్లు దాహం వేయకపోయినా నీళ్లు తాగుతుండాలి.

ఊపిరి బలం కూడా తగ్గుతుంది. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ముప్ఫై తర్వాత ఏటా సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. అంటే ఇరవై ఏళ్లకు అర లీటరు పైచిలుకు. అంతమాత్రానికే ఆరోగ్యవంతుడు యాభై ఏళ్లకు ఒక అంతస్తు ఎక్కి కూలబడడు. కూలబడుతున్నాడంటే ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో, స్పిన్నింగ్ మిల్లులో చాలాసార్లు దూది దుమ్మే. బ్లోరూములో, కార్డింగులో ఏళ్ల తరబడి పనిచేసినవారికి బిస్సినోసిస్ అనే జబ్బు వస్తుంది. దాని గుర్తు ఒకటుంది. వారం సెలవు గడిచి పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్టవుతుంది, మర్నాటికి తగ్గుతుంది. ముదిరితే వారమంతా ఉంటుంది. వయసుకు వారం సెలవు తెలియదు సోదరులారా, దుమ్ముకే తెలుసు! మొదట్లోనే దుమ్ముకు దూరమైతే తగ్గే జబ్బు ఇది, ముదిరాక తగ్గదు. ఎక్స్‌రే చూసి "బాగానే ఉంది" అంటే సరిపోదు, ఎక్స్‌రేలో ఇది ప్రత్యేకంగా కనపడదు. ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష కావాలి. సెలవు తర్వాతి మొదటి రోజు పని ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి చేయించాలి. బీడీ కాల్చేవారికి ఈ నష్టం మరింత ఎక్కువ. ఇది యాజమాన్యం కాదు, యూనియనే చెబుతోంది, మానండి.

ఇక చెవి. నాడె కొట్టే సాంచాల మధ్య పక్కవాడితో మాట్లాడాలంటే అరవాల్సిందే. రోజుకు 8 గంటలు 85 డెసిబెళ్లు దాటిన మోత చెవికి ప్రమాదం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు చస్తాయి, మళ్లీ మొలవవు. వయసుతో వచ్చే చెవుడు సన్నని శబ్దాలతో మొదలై గ్రాఫులో ఏటవాలుగా జారుతుంది. మోత వల్ల వచ్చేది మొదట 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా పడుతుంది. ముప్ఫై ఏళ్ల కుర్రాడి గ్రాఫులో ఆ గుంట ఉంటే అది వయసు అనగలరా? కానీ ఇరవై ఏళ్లు ఆలస్యం చేస్తే గుంటా, జారుడూ కలిసిపోతాయి. ఏది ఎవరిదో తేల్చడం కష్టమవుతుంది. ఆ ఆలస్యమే యాజమాన్యానికి లాభం.

బిస్సినోసిస్, మోత వల్ల వచ్చే చెవుడు రెండూ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధులే. ఫ్యాక్టరీల చట్టం పట్టికలో ఉండేవి, 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ పట్టికలోనూ ఉన్నాయి. అయితే పట్టికలో పేరుంటే పరిహారం దానంతటదే ఇంటికి రాదు. కాగితం కావాలి.

కనుక ప్రతి సభ్యుడూ చేయవలసినవి: ఏ ఖాతాలో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా పనిచేశారో రాసి పెట్టుకోండి. పగారు చీటీలు, ఈ.ఎస్.ఐ. కాగితాలు పారేయకండి. డాక్టరు అడగకపోయినా "నేను కార్డింగులో పనిచేస్తాను", "సాంచాలు నడుపుతాను" అని ముందు చెప్పండి. రోగిని చేసే పనేమిటని అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే పుస్తకం రాసి చెప్పాడు. మన దగ్గర ఇంకా ఎంతమంది అడుగుతున్నారు?

యూనియన్ అడగవలసినవి: పనిలో చేరినప్పుడూ, ఆ తర్వాత ఏటా చెవి పరీక్ష, ఊపిరి పరీక్ష. వాటి నకలు కార్మికుడి చేతికి. దుమ్ము లాగే యంత్రాలు, చెవి బిరడాలు. ఈ.ఎస్.ఐ. కార్డు లేని చిన్న షెడ్లవారికి కార్డు. యాభై దాటినవారిని ఇంటికి పంపడం కాదు, రాత్రి పాళీ తప్పించి తేలిక పనిలో పెట్టడం.

వయసు తీసుకునేది వయసును తీసుకోనిద్దాం. మిల్లు తీసుకున్నదానికి మాత్రం లెక్క అడుగుదాం. కుర్ర కార్మికులారా, ఆ పరీక్ష మీరు ఈ ఏడే చేయించుకోండి.

- కార్యదర్శి