యుద్ధానికి వెళ్లిన గోదావరి

పిల్లలూ! దిల్‌సుఖ్‌నగర్‌లోనూ, ఎల్.బి. నగర్‌లోనూ నల్లా తిప్పితే కృష్ణానది నీళ్లు వస్తాయి గదా! నాగార్జునసాగరు నుంచి గొట్టాలలో ప్రయాణంచేసి అవి మన ఇళ్లకు చేరుతున్నాయి. అయితే మన కృష్ణా, గోదావరీ ఒకప్పుడు యుద్ధంలో కూడా పనిచేశాయని మీకు తెలుసా? నదులు కావు, ఆ పేర్లు పెట్టుకున్న ఓడలు!

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, మన నౌకాదళం కోసం ఇంగ్లండులో "గోదావరి"నీ, స్కాట్లండులో "కృష్ణ"నూ కట్టారు. తెల్లవాళ్లు ఆ రెండో పేరును "కిస్ట్‌నా" అని రాసేవారు. గొర్రెలమందకు కాపరి ఎలాగో, సరుకుల ఓడలకు ఇవి అలాగ. నీటి అడుగున పొంచివుండే జలాంతర్గాములే తోడేళ్లు.

కంటికి కనపడని శత్రువును పట్టేదెలా? చెవితో! ఓడ అడుగున ఉండే యంత్రం నీటిలోకి చప్పుడు పంపుతుంది. అది జలాంతర్గామికి తగిలి ప్రతిధ్వనిగా తిరిగివస్తుంది. నీటిలో ధ్వని సెకండుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని 2 సెకండ్లకు వచ్చిందనుకోండి. పోవటానికి ఒక సెకండు, రావటానికి ఒక సెకండు. అంటే శత్రువు 1,500 మీటర్ల దూరంలో ఉన్నాడన్నమాట.

1944 ఆగస్టులో "యు-198" అనే జర్మను జలాంతర్గామి హిందూమహాసముద్రంలో తిరుగుతున్నది. అది అప్పటికే 11 ఓడలను ముంచింది. విమానాలు దాని జాడ కనిపెట్టాయి. ఓడలు వెంటబడ్డాయి. ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర, "గోదావరి", "ఫిండ్‌హార్న్" అనే బ్రిటిష్ ఓడ కలిసి దానిని ముంచేశాయి. అందులో ఉన్న 66 మందిలో ఒక్కడూ బతకలేదు. ఎన్నో ఓడలకు ముప్పు తప్పింది, నిజమే. కాని ఆ 66 మంది కోసం కూడా ఇళ్లలో తల్లులు ఎదురుచూస్తూనే ఉండి ఉంటారు.

1947లో దేశం రెండయినప్పుడు ఓడలను కూడా పంచుకున్నారు. "కృష్ణ" మనకు వచ్చింది. "గోదావరి" పాకిస్తాను వాటాకు పోయింది. 1948లో దానికి "సింధ్" అని పేరు మార్చారు. 1959లో దానిని విడగొట్టి ఇనుము కింద అమ్మేశారు. కలిసి కాపలా కాసిన ఓడలు వేరువేరు జెండాలు ఎగరవేశాయి! "కృష్ణ" మాత్రం 1981 దాకా మనకు సేవ చేసింది.

గోదావరి పేరు మాత్రం పోలేదు. బొంబాయిలో మనవాళ్లే కట్టిన కొత్త "గోదావరి" 1983లో నౌకాదళంలో చేరి, 2015 వరకూ పనిచేసింది.

ఇప్పుడు మీకొక లెక్క: ప్రతిధ్వని ఒక్క సెకండులోనే తిరిగివస్తే జలాంతర్గామి ఎంత దూరంలో ఉన్నట్టు? తొందరపడకండి. చప్పుడు పోవాలి, రావాలి కూడా!