రెండు ఆసుపత్రుల నడుమ ఒక ఉత్తరం

మనోవ్యాధికి చికిత్స పొందిన వ్యక్తి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన నాడు బంధువులు గండం గడిచిందనుకొంటారు. కాని వ్యాధి తిరగబెట్టే భయం ఆ తొలి వారాలలోనే హెచ్చు.

భిలాయి ఉక్కునగరంలో, స్మృతినగర్‌లో, ఒక తెలుగు కుటుంబం ఉన్నదనుకోండి. కర్మాగారంలో పనిచేసి రిటైరయిన ఇంటి పెద్ద, దూరపు ఊరిలో మానసిక చికిత్స పొంది తిరిగివచ్చాడు. అక్కడి వైద్యుడు లిథియం మాత్రలు వ్రాశాడు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెలుగులోకి తెచ్చిన ఈ మందు, ఉన్మాదాన్ని అదుపులో ఉంచడంలో నేటికీ మేటి. అయితే మేలు చేసే మోతాదుకూ, కీడు చేసే మోతాదుకూ మధ్య దూరం స్వల్పం. అందుకే అప్పుడప్పుడు రక్తపరీక్ష తప్పనిసరి.

మే నెల వచ్చింది. మోకాళ్ల నొప్పికి వీధి చివరి డాక్టరు డైక్లోఫెనాక్ ఇచ్చాడు. అటువంటి నొప్పి మాత్రలు మూత్రపిండాల ద్వారా లిథియం బయటికి పోకుండా అడ్డుపడతాయి. ఎండకు ఒంటిలో నీరు తగ్గినా ఫలితం అదే. నాలుగు రోజులకు చేతులు వణికాయి, వాంతులయ్యాయి, నడక తూలింది. ఇంటివారు వడదెబ్బ అనుకొన్నారు.

ఇద్దరు వైద్యులూ తమకు తెలిసినంతలో సరిగానే వ్యవహరించారు. ఒకరి మాట మరొకరికి చేరలేదు, అంతే.

2018లో అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ లోటును గుర్తించింది. రోగిని ఇంటికి పంపేముందు అతనితోను, కుటుంబంతోను, తగిన ఇతరులతోను సంప్రదించి, తదుపరి చికిత్సకు పథకం సిద్ధం చేయాలని 98వ సెక్షను నిర్దేశిస్తున్నది. రోగి రహస్యాన్ని కాపాడవలసిందే. అయినా, చికిత్స నిమిత్తం ఇతర వైద్యులకు వివరాలు తెలుపడానికి 23వ సెక్షను అనుమతిస్తున్నది.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం బిలాస్‌పూర్ సమీపాన సేంద్రీలో ఉన్నది. భిలాయికి అది వంద కిలోమీటర్ల పైమాటే. జ్వరం వచ్చినా, నొప్పి వచ్చినా రోగి వెళ్లేది ఇంటి దగ్గరి డాక్టరు వద్దకే గదా!

కనుక ఆసుపత్రి గుమ్మం దాటకముందే కుటుంబం ఒక ఉత్తరం అడిగి తీసుకోవాలి. రోగం పేరు, మందులు, మోతాదు, రక్తపరీక్ష తేదీ, కలపకూడని మందులు, ప్రమాద చిహ్నాలు, అవసరమైతే ఫోను చేయవలసిన నంబరు అందులో ఉండాలి. మొదటి వారంలోనే దానిని కుటుంబ వైద్యుని చేతికి ఇచ్చి, ఒక నకలు ఇంట ఉంచుకోవాలి. ఆయన కొత్త మందు వ్రాసిన ప్రతిసారీ ఆ కాగితం ముందు పెట్టాలి.