దడ వచ్చినప్పుడే బి.పి. చూడండి

మన ఆదోని, పత్తికొండ, ప్రొద్దుటూరు పల్లెల్లో చేలో పని చేస్తున్న మనిషికి ఉన్నట్టుండి చెమటలు పోసి, గుండె దడ పుడితే ఎండ తగిలిందంటాం. నీడపట్టున వస్తే గాలి సోకిందంటాం. లేదా నరాల బలహీనత అని ఒక సెలైన్ ఎక్కించి పంపిస్తాం. చాలామందిలో అది చిన్న విషయమే కావచ్చు. అందరిలోనూ కాదు.

మూత్రపిండాల పైన టోపీల్లాగా రెండు ఎడ్రినల్ గ్రంథులు ఉంటాయి. వాటిలో అరుదుగా ఏర్పడే ఒక గడ్డ ఎడ్రినలిన్ వంటి హార్మోన్లను అధికంగా రక్తంలోకి వదులుతుంది. దీని పేరు ఫియోక్రోమోసైటోమా. తలనొప్పి, చెమటలు, గుండెదడ ఒక్కసారిగా వస్తాయి. ముఖం పాలిపోతుంది, బి.పి. విపరీతంగా పెరుగుతుంది. కాసేపటికి అన్నీ తగ్గిపోతాయి. రోగి ఆస్పత్రికి చేరేసరికి బి.పి. మామూలుగా ఉండవచ్చు. మనం పొరపడేది ఇక్కడే.

ఇంత అరుదైన జబ్బు గురించి మనకెందుకు అని కొందరు అడగవచ్చు. తెలియకపోతే ప్రాణం పోతుంది కాబట్టి అని మా సమాధానం. గడ్డ సంగతి తెలియక వేరే ఆపరేషన్‌కు మత్తు ఇచ్చినా, దడ తగ్గాలని ముందుగానే ప్రొప్రనొలాల్ వంటి మాత్ర ఇచ్చినా ప్రమాదమే. గర్భిణుల్లో దీనిని గుర్రపువాతంగా పొరబడవచ్చు.

అందరికీ ఖరీదైన స్కానింగులు చేయించమని మేము అనడం లేదు. చిన్న వయసులోనే బి.పి. ఉన్నవారికి, మూడు నాలుగు మందులకూ బి.పి. లొంగనివారికి, ఇలా దడ మళ్ళీ మళ్ళీ వచ్చేవారికి రక్తంలోగాని, 24 గంటలు పట్టిన మూత్రంలోగాని మెటానెఫ్రిన్లు చూడాలి. అవి బాగా ఎక్కువగా ఉంటేనే స్కానింగు. ఆ తరువాత కొన్ని రోజులు ఆల్ఫా బ్లాకర్ మందులతో బి.పి.ని అదుపులోకి తెచ్చి, అప్పుడు ఆపరేషన్. సకాలంలో తీసివేస్తే చాలామంది కోలుకుంటారు.

ఇంట్లోవారినీ విచారించాలి. 1886లో జర్మనీలో ఫ్రాంకెల్ అనే వైద్యుడు 18 ఏళ్ళ అమ్మాయిలో ఈ జబ్బును వర్ణించాడు. ఆమె బంధువుల వారసుల్లో జన్యులోపం ఉన్నట్టు 2007లో తేలింది. సుమారు మూడోవంతు రోగుల్లో ఇది వంశపారంపర్యమే.

కాబట్టి నర్సులకు, ఆశా కార్యకర్తలకు, ఆర్.ఎం.పి.లకు మా మనవి ఒక్కటే. దడ వచ్చిన ఆ క్షణంలోనే బి.పి. చూడండి. తేదీ, సమయం, అంకె ఒక చీటీ మీద రాసివ్వండి. కర్నూలు పెద్దాస్పత్రికి పోయినా, వెల్లూరుకు రైలెక్కినా, రోగి చేతిలో ఆ చీటీ ఉండాలి.