కార్డు రంగు చెప్పని కష్టం: కోలారు జిల్లాలో ఆర్థిక అభద్రతను ఎలా కొలవాలి?

కర్ణాటకలో బీపీఎల్ కార్డు దక్కాలంటే కుటుంబ వార్షికాదాయం లక్షా ఇరవై వేల రూపాయలు దాటకూడదు. 2024 చివర్లో అనర్హుల కార్డులు తొలగిస్తామని ప్రభుత్వం మొదలుపెట్టినప్పుడు రాష్ట్రమంతటా గొడవైంది. చివరకు చాలా కార్డులు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. ఆ గొడవలో అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: ఎవరు పేదలు, ఎవరు కాదు? కోలారు జిల్లా వరకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ రోజు గడుస్తున్న ఇల్లు, రేపు ఒక దెబ్బ తగిలితే నిలబడుతుందా?

మొదటిది పేదరికం ప్రశ్న, రెండోది అభద్రత ప్రశ్న. రెండూ ఒకటి కావు. రెండు కుటుంబాలను ఊహించుకుందాం. ఒకదానికి నెలకు పదిహేను వేలు తప్పకుండా వస్తాయి. ఇంకొకదానికి పంట అమ్మిన రెండు నెలల్లో లక్షా ఇరవై వేలు వస్తే, మిగతా పది నెలలకూ కలిపి అరవై వేలు. ఏడాది లెక్కలో ఇద్దరి ఆదాయం సమానమే, లక్షా ఎనభై వేలు. రెండూ బీపీఎల్ గీతకు పైనే. కానీ రెండో ఇల్లు ఏడాదిలో ఎక్కువ కాలం నెలకు ఆరు వేలతో బతుకుతోంది. ఆ పది నెలల్లో పిల్లకు జ్వరమొచ్చినా, బోరు మోటారు కాలిపోయినా అప్పు చేయక తప్పదు. మన లెక్కల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

గని మూతపడితే పోయింది జీతమొక్కటే కాదు

కేజీఎఫ్‌లో 1880లో జాన్ టేలర్ కంపెనీ పెద్ద ఎత్తున తవ్వకం మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు వచ్చింది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఒకప్పుడు ముప్పై వేల మంది వరకు పనిచేసిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడే నాటికి మూడు వేల పైచిలుకు మందికి చేరాయి.

ఆ రోజు పోయినవి ఉద్యోగాలని మాత్రమే అంటే సగం మాటే చెప్పినట్టు. లైన్లలోని ఇల్లు, బేతమంగళం నుంచి వచ్చే నీళ్ళు, గని ఆసుపత్రి, కరెంటు అన్నీ ఒకే యజమాని నీడలో ఉండేవి. జీతం చిన్నదైనా, జబ్బు చేస్తే ఎక్కడికి పోవాలో తెలుసు. అద్దె బెంగ లేదు. అర్థశాస్త్రం చదవకపోయినా ఆ కుటుంబాలకు భద్రత అంటే ఏమిటో బాగా తెలుసు, ఎందుకంటే అది వాళ్ళ కళ్ళ ముందే ఒక్కసారిగా పోయింది. పరిహారం ప్యాకేజీ జీతానికి బదులు ఇచ్చినది. మిగతావాటికి బదులుగా ఏమీ రాలేదు. ప్రావిడెంట్ ఫండ్ పథకం కింద వచ్చే కనీస పింఛను దేశమంతటా 2014 నుంచి నెలకు వెయ్యి రూపాయల దగ్గరే ఉంది.

తర్వాతి తరం రైలెక్కింది. మారికుప్పం, కోరమండల్, ఛాంపియన్, ఊరిగాంల నుంచి బంగారుపేట మీదుగా తెల్లవారుజామున బెంగళూరుకు పోయి, రాత్రికి తిరిగొచ్చే జనం వేలల్లో ఉన్నారు. దాదాపు వంద కిలోమీటర్ల దూరం. సర్వేలో అడిగితే వీళ్ళు 'ఉద్యోగస్తులు'. సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్, దుకాణంలో సేల్స్, గార్మెంట్స్, డెలివరీ వంటి పనుల్లో వచ్చే ఆదాయం కాగితం మీద పేదరిక గీత దాటిస్తుంది. అయితే వారం రోజులు పనికి పోలేకపోతే ఏమవుతుందో ఆ కాగితం చెప్పదు. 2020 లాక్‌డౌన్‌లో రైళ్ళు ఆగినప్పుడు ఆ సంగతి తెలిసొచ్చింది.

టమోటా ఏడాది, పాల నెల

పల్లెల కథ వేరు, సారం అదే. జిల్లాలో జీవనది లేదు. భూగర్భ జలాల తోడకంలో మన తాలూకాలు హద్దు మీరినవాటి జాబితాలో ఉన్నాయి. 2018లో కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు శుద్ధి నీళ్ళు చెరువుల్లోకి రావడంతో కొన్ని ఊళ్ళ బోర్లకు ఊపిరి వచ్చింది గానీ, బోరు వేయడం ఇప్పటికీ జూదం లాంటిదే. నీళ్ళు పడితే పంట, పడకపోతే అప్పు.

పంటలో పెద్దది టమోటా. కోలారు ఏపీఎంసీ మార్కెట్ ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. 2023 జులైలో ఇక్కడ పదిహేను కిలోల బాక్సు రెండు వేల రూపాయలు దాటింది. టీవీలన్నీ కోటీశ్వరులైన రైతుల కథలు చూపించాయి. ఆ ధర చూసి నాటు వేసినవాళ్ళ పంట మార్కెట్‌కు వచ్చేసరికి, అంటే సెప్టెంబరుకల్లా, ధర కుప్పకూలింది. ఆ ఏడాది 'కోలారు టమోటా రైతు సగటు ఆదాయం' అని ఎవరైనా అంకె చెబితే, అది జులైలో అమ్మినవాడికీ సరిపోదు, సెప్టెంబరులో పారబోసినవాడికీ సరిపోదు.

మామిడిదీ అంతే. 2025 జూన్‌లో పక్క రాష్ట్రాల తోతాపురి కాయను రానివ్వబోమని చిత్తూరు జిల్లా యంత్రాంగం ఆదేశమిచ్చింది. శ్రీనివాసపురం రైతు కాయ చాలావరకు పోయేది చిత్తూరు జ్యూస్ ఫ్యాక్టరీలకే. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబుకు లేఖ రాయాల్సి వచ్చింది. చిత్తూరు రైతు బాధా అబద్ధం కాదు, అతనికీ ధర లేదు. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే భాష మాట్లాడే రైతులు, ఒకే కాయ. ఒక్క ఆదేశంతో ఒకవైపు వాళ్ళ సీజన్ ఆదాయం తలకిందులైంది. ఇలాంటి దెబ్బ ఏ పేదరిక సర్వేలోనూ ముందుగా కనిపించదు.

ఈ ఊగిసలాట మధ్య ఇంటిని నిలబెట్టేది పాలు. డైరీ బిల్లు పెద్ద మొత్తం కాదు, కానీ క్రమం తప్పదు. కిరాణా, స్కూలు ఫీజు, చీటీ దాని మీదే నడుస్తాయి. రెండు ఆవులున్న ఇల్లు, ఆవులు లేని ఇంటికంటే ఎంత ధనికమో చెప్పడం కష్టం. ఎంత నిశ్చింతగా ఉందో చెప్పడం సులువు. గృహలక్ష్మి కింద ఇంటి యజమానురాలికి వచ్చే రెండు వేలదీ అదే విలువ. డబ్బు ఆలస్యమైన నెలల్లో ఆడవాళ్ళు ఎందుకంత గట్టిగా అడిగారో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. వాళ్ళకు లెక్క మొత్తం ఎంతన్నది కాదు, ఏ తేదీకి వస్తుందన్నది.

రెండు హెచ్చరికలు

అంకెలు బాగున్నప్పుడే అభద్రత పేలిన సందర్భాలు మన జిల్లాలోనే రెండున్నాయి.

మొదటిది 2009 నాటి మైక్రోఫైనాన్స్ సంక్షోభం. అంతవరకు కోలారు పట్టణంలో అప్పుల వసూలు దాదాపు నూటికి నూరు. కంపెనీలు దాన్నే ఆరోగ్యానికి గుర్తుగా చూపించాయి. ఒక్కో మహిళ రెండు మూడు కంపెనీల దగ్గర తీసుకుని, ఒకదానితో ఇంకొకటి కడుతోందన్నది ఆ అంకెలో లేదు. పట్టు పనుల్లో ఆదాయం తగ్గి, స్థానిక పెద్దలు చెల్లింపులు ఆపమని చెప్పేసరికి వసూళ్ళు కుప్పకూలాయి. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకంటే పెద్ద సంక్షోభం వచ్చి, 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. కర్ణాటక 2025 ఫిబ్రవరిలో వేధింపుల వసూళ్ళ మీద ఆర్డినెన్సు తెచ్చింది. పదహారేళ్ళు గడిచినా, ఒక ఇంటికి మొత్తం అప్పు ఎంత, దాని మీద నెలకు కట్టేది ఎంత అని జిల్లా స్థాయిలో ఎవరూ లెక్క పెట్టడం లేదు.

రెండోది నరసాపురం. 2020 డిసెంబరు 12న ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో కార్మికుల ఆగ్రహం విధ్వంసంగా మారింది. కార్మికుల్లో ఎక్కువమంది కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా చేరినవారు. కొందరికి జీతాలు సరిగా, సమయానికి అందలేదని తర్వాత కంపెనీయే ఒప్పుకుంది. 2023లో ఆ ఫ్యాక్టరీని టాటాలు కొన్నారు. ఉపాధి లెక్కల్లో చూస్తే నరసాపురం జిల్లాకు వరం. ఆ పిల్లల చేతిలో ఉన్న ఉద్యోగానికి ఎన్ని నెలల గ్యారంటీ, జీతం ఏ తేదీకి పడుతుంది అన్నది ఆ లెక్కల్లో లేదు.

ఉన్న కొలతలు ఏం చెబుతాయి

పేదరిక గీతను తెండూల్కర్ పద్ధతి ఒక చోట గీసింది. 2011-12 ధరల్లో ఒక్కో మనిషికి నెలకు పల్లెలో 816, పట్టణంలో 1,000 రూపాయలు. 2014లో రంగరాజన్ కమిటీ దాన్ని 972, 1,407కు పెంచమంది. తర్వాత అధికారికంగా కొత్త గీత రాలేదు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ. పోషకాహారం, చదువు, వంట గ్యాసు, మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా వంటి పన్నెండు అంశాలు చూస్తుంది. 2015-16లో దేశంలో దాదాపు 25 శాతంగా ఉన్న ఈ పేదరికం 2019-21 నాటికి 15 శాతానికి తగ్గిందని 2023 నివేదిక చెప్పింది.

అది నిజమైన ప్రగతే. కానీ కేజీఎఫ్ లైన్లలో చాలా ఇళ్ళకు ఈ పన్నెండూ ఉండొచ్చు. కరెంటు ఉంది, గ్యాసు ఉంది, ఖాతా ఉంది. ఖాతాలో ఎంత ఉంది, ఇంటి మీద హక్కు పత్రం ఉందా అన్నది సూచీ అడగదు. ఉపాధి సర్వే 2025 జనవరి నుంచి నెలనెలా వస్తోంది. నమూనా ఎంపికకు జిల్లాను యూనిట్‌గా తీసుకుంటున్నారు. మంచి మార్పే, అయితే అదీ 'పని ఉందా' అనే అడుగుతుంది, 'ఆ పని పోతే ఎన్ని రోజులు గడుస్తుంది' అని కాదు.

ప్రపంచంలో ఈ రెండో ప్రశ్న అడిగినవాళ్ళు ఉన్నారు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణంలోనే నిరుద్యోగం, జబ్బు, వైకల్యం, వైధవ్యం, ముసలితనం వచ్చినప్పుడు భద్రత మనిషి హక్కు అని రాశారు. దాని ఆధారంగానే కెనడా అర్థశాస్త్రవేత్తలు ఆస్బర్గ్, షార్ప్ ఒక కొలత తయారుచేశారు. అమెరికాలో జేకబ్ హ్యాకర్ బృందం ఇంకో దారి పట్టింది. వైద్యం ఖర్చు, అప్పు వాయిదాలు పోను మిగిలే ఆదాయం ఏడాదిలో పాతిక శాతం లేదా అంతకంటే ఎక్కువ పడిపోయి, తట్టుకునే పొదుపు లేని కుటుంబాలు ఎన్ని అని లెక్కపెట్టింది. అనిరుధ్ కృష్ణ మన నల్లగొండ, ఖమ్మం, తూర్పు గోదావరి పల్లెల్లోనూ తిరిగి 2010లో పుస్తకం రాశారు. కుటుంబాలు పేదరికంలోకి జారడానికి పెద్ద కారణం జబ్బు, దాని ఖర్చు అని తేల్చారు. ఒక చేత్తో ప్రభుత్వం కొందరిని పైకి లాగుతుంటే, ఇంకోవైపు ఇంకొందరు కిందకు జారుతుంటారు. ఏడాది చివర శాతం మారకపోతే ఏమీ జరగలేదనుకుంటాం.

మనం అడగాల్సిన ఆరు ప్రశ్నలు

కోలారుకు సరిపోయే కొలతకు పెద్ద పరిశోధన సంస్థ అక్కర్లేదు. ఒక వార్డు, ఒక ఊరు స్థాయిలో ఈ ఆరు అడిగితే చాలు:

1. ఆదాయం ఆగిపోతే, అప్పు చేయకుండా, నగలు కుదువ పెట్టకుండా ఇల్లు ఎన్ని వారాలు గడుస్తుంది?
2. గత పన్నెండు నెలల్లో బాగా వచ్చిన నెల ఎంత, అతి తక్కువ వచ్చిన నెల ఎంత?
3. బ్యాంకు, మైక్రోఫైనాన్స్, చీటీ, మండీ అడ్వాన్సు, చేబదులు అన్నీ కలిపి నెలకు కట్టేది ఆదాయంలో ఎంత వంతు?
4. సంపాదించే చేతులెన్ని? వాటిలో రాతపూర్వక ఉద్యోగం, పీఎఫ్ లేదా ఈఎస్ఐ ఉన్నవి ఎన్ని?
5. గత రెండేళ్ళలో ఆసుపత్రి ఖర్చు కోసం ఏదైనా అమ్మారా, పిల్లల చదువు ఆపారా?
6. ఉంటున్న ఇంటికి, సాగుచేస్తున్న భూమికి పత్రం ఎవరి పేరున ఉంది?

అడిగే పద్ధతిలో మూడు జాగ్రత్తలు కావాలి. ఏడాదికి ఒక్కసారి కాదు, పంట చేతికొచ్చిన కాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి అడగాలి. ఇంటి ఆడవాళ్ళను విడిగా అడగాలి. చీటీ, సంఘం అప్పుల సంగతి చాలా ఇళ్ళలో వాళ్ళకే తెలుసు. మూడోది, పేర్లు బయటికి రాకూడదు. ఎవరి అప్పు ఎంతో ఊరంతా తెలిసే లెక్కకు ఎవరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. కార్డు తీసేయడానికి ఈ లెక్క వాడబోరన్న హామీ లేకపోతే మొదలుపెట్టకపోవడమే మంచిది.

జిల్లాలో సగానికి పైగా జనానికి మాతృభాష తెలుగు. లెక్క అడిగే ఫారం కన్నడంలోనే ఉంటే, 'చేబదులు'కూ 'సాలా'కూ మధ్య తేడా కాగితం మీద చెదిరిపోతుంది. మన సంఘాలు భాష కోసం అడిగే హక్కుల్లో ఇదీ ఒకటి కావాలి. అయితే ఈ లెక్క తెలుగు ఇళ్ళకే పరిమితమైతే పనికిరాదు. లైన్లలో తమిళ కుటుంబాల కష్టం, పట్టణంలో ఉర్దూ మాట్లాడే పట్టు కార్మికుల కష్టం వేరు కాదు.

ఇప్పుడే ఎందుకు

2027 మార్చి 1 ప్రాతిపదికగా జనగణన జరుగుతుంది. దాని ముందు విడతలో గోడ, కప్పు, నీళ్ళు, వాహనం, ఫోను లెక్కపెడతారు. రాష్ట్ర వెనుకబడిన తరగతుల కమిషన్ 2025 సెప్టెంబరులో మొదలుపెట్టిన సర్వే కూడా ఇంటింటికీ వచ్చింది. రాబోయే పదేళ్ళ నిధులు, రిజర్వేషన్లు, పథకాలు ఈ అంకెల మీదే నడుస్తాయి. వాటిలో లేని కష్టానికి బడ్జెట్‌లో చోటుండదు.

కేజీఎఫ్‌కు ఇంకో కారణం కూడా ఉంది. సైనైడ్ దిబ్బల్లో మిగిలిన బంగారం తీయడానికి రాష్ట్ర మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. పదమూడు దిబ్బలు, దాదాపు వెయ్యి ఎకరాలు. పని మొదలైతే మళ్ళీ ఉద్యోగాల సంఖ్య గురించి ప్రకటనలు వస్తాయి. అవి కంపెనీ ఉద్యోగాలా, ఏజెన్సీ ఉద్యోగాలా, ఈఎస్ఐ ఉంటుందా, దుమ్ముకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, లైన్లలోని ఇళ్ళ పత్రాల సంగతేమిటి అని అడగాలంటే, ఈ రోజు పరిస్థితి ఎలా ఉందో అంకెల్లో మన చేతిలో ఉండాలి. 2001లో ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. అందుకే ఇచ్చింది ఎంతో తెలిసింది గానీ, పోయింది ఎంతో ఈనాటికీ తేలలేదు.