మూడు రోజుల అమానత్

 

వానాకాలం రాగానే మా మెదక్ చుట్టూ వరిమళ్లు నిండుతాయి; వాటితోపాటు దోమలూ పెరుగుతాయి. గత వర్షాకాలంలో మా మదర్సా విద్యార్థి ఒకడు, పన్నెండేళ్లవాడు, చలితో వణుకుతూ మంచమెక్కాడు. ఆసుపత్రిలో వేలికొన నుండి రక్తపు బొట్టు తీసి పరీక్షించగా ఫాల్సిపారం మలేరియా అని తేలింది. ప్రమాద లక్షణాలేవీ లేవు గనుక ఎర్రరంగు పొట్లంలో మూడు రోజుల మాత్రలిచ్చి పంపారు.

మరునాటికే జ్వరం తగ్గింది. ఆ సాయంత్రం అతని తల్లి ఫోన్ చేసింది. "మౌల్వీ సాబ్! పిల్లవాడికి నయమైందట కదా. ఇంట్లో ఆరేళ్ల చిన్నవాడికి ఒళ్లు కాలిపోతోంది. మిగిలిన మాత్రలు పంపితే వాడికి వేస్తాను."

పేదతల్లి మాట కాదనలేక నేను పొట్లం చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే మా వీధి ఆశా కార్యకర్త వారించింది. ఆమె చెప్పినది, తర్వాత వైద్యుని అడిగి తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

ఆ పొట్లంలో రెండు రకాల మందులుంటాయి. ఆర్టిసునేట్ రక్తంలోని క్రిములను వేగంగా చంపుతుంది. కాని కొద్ది గంటలలోనే శరీరం నుండి వెళ్లిపోతుంది. అందుకే దానిని మూడు రోజులూ వేసుకోవాలి. మొదటి రోజు దానితోపాటు ఇచ్చే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ చాలా రోజులు నిలిచి, మిగిలిన క్రిములను తుడిచివేస్తుంది. జ్వరం తగ్గడమంటే క్రిములన్నీ చచ్చినట్లు కాదు. మధ్యలో ఆపితే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి, మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. అందువల్లనే ఆర్టెమిసినిన్ జాతి మాత్రలను ఒంటరిగా వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఈ మందును ఒక మొక్క నుండి వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తు యుయుకు 2015లో నోబెల్ బహుమతి లభించింది.

రెండవ రోజు ఒక్కసారి వేసే ప్రైమాక్విన్ దోమ ద్వారా ఇతరులకు వ్యాధి సోకకుండా కాపాడుతుంది. అంటే అది పొరుగువారి హక్కు. అయితే గర్భిణులకు, పసికందులకు దానిని ఇవ్వరు. జీ6పీడీ లోపమున్నవారికి అది రక్తకణాలను విరగగొట్టవచ్చు. గర్భమున్నా, సల్ఫా మందులు పడకపోయినా ముందే వైద్యునికి చెప్పాలి.

ఇక మిగిలిన మాత్రలు తమ్ముడికెందుకు పనికిరావు? పొట్లం రంగు వయస్సును బట్టి మారుతుంది: తొమ్మిది నుండి పద్నాలుగేళ్ల వారికి ఎరుపు, అయిదు నుండి ఎనిమిదేళ్ల వారికి ఆకుపచ్చ. పైగా చిన్నవానికి పరీక్ష చేయిస్తే వైవాక్స్ అని తేలింది. దానికి మందే వేరు: మూడు రోజులు క్లోరోక్విన్, కాలేయంలో దాగిన క్రిములకై 14 రోజులు ప్రైమాక్విన్. నేను పొట్లం పంపివుంటే ఇద్దరు బిడ్డలకూ అన్యాయం చేసినవాడినయ్యేవాడిని.

మాత్రలు ఖాళీ కడుపుతో వేయకండి. వేసిన కొద్దిసేపటికే వాంతి అయితే వైద్యునికి తెలిపి మళ్లీ వేయించండి. రమజాన్‌లోనైనా రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఉంది. కోలుకున్నాక పూర్తి చేసుకోవచ్చు. మత్తు, మూర్ఛ, ఆగని వాంతులు, ఆయాసం, కామెర్లు, మూత్రం నల్లబడటం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి. మూడు రోజుల తర్వాతా జ్వరముంటే మళ్లీ పరీక్ష చేయించండి.

మలేరియా దోమ ద్వారా వస్తుందన్న సత్యాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. కనుక ఇంటి చుట్టూ నీరు నిలువనీయకండి, దోమతెర కట్టుకోండి.

ప్రతి రోగానికీ అల్లాహ్ ఔషధాన్ని సృష్టించాడని దైవప్రవక్త (స) మనకు బోధించారు. ఆ ఔషధం మన చేతికి అమానత్‌గా వచ్చినప్పుడు చివరి మాత్ర వరకూ దాని హక్కు చెల్లించాలి. అన్నదమ్ములిద్దరూ ఎవరి మందు వారు పూర్తి చేశారు. అల్‌హమ్దులిల్లాహ్, పెద్దవాడు మళ్లీ పాఠానికి వచ్చి ముందువరుసలో కూర్చుంటున్నాడు.