గ్యాసేనని సరిపెట్టుకోకండి



హైదరాబాద్ ఎర్రమంజిల్ నుంచి ఆ కబురు తెలిసినప్పటి నుంచి మనలో ఎవరికీ మనసు మనసులో లేదు. మన సభ్యుడి నాన్నగారు రాత్రి భోజనమయ్యాక ఛాతీ పట్టేసినట్టుందన్నారు. కొడుకు ఫోన్ చేస్తే, "ఏం లేదురా, గ్యాస్. నువ్వు ఆఫీసు పని చూసుకో" అన్నారు. ఈనో తాగి పడుకున్నారు. తెల్లవారుజామున అమ్మగారి కేకలకు ఎదురు ఫ్లాట్ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. గ్రిల్‌కి లోపల తాళం. తాళంచెవి ఎక్కడ పెట్టారో ఆ కంగారులో ఆవిడకు తోచలేదు. ఆసుపత్రికి చేర్చేసరికే ఆయన ప్రాణం పోయింది.

అక్కడికి నిమ్స్ కూతవేటు దూరం. మన తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) తొలి అధ్యక్షులు డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు అమెరికా నుంచి వెనక్కి వెళ్లి, డైరెక్టర్‌గా నిలబెట్టిన ఆసుపత్రి అది. అంత పెద్దాసుపత్రి పక్కనే ఉన్నా, బయల్దేరకపోతే ఏం లాభం?

నిజమే, ఛాతీ నొప్పి చాలాసార్లు గుండెది కాదు. పులితేన్పులతో వచ్చే మంట, పక్కటెముకల దగ్గర వాపు, పిత్తాశయంలో రాళ్లు, నిమోనియా, దద్దురు ఇంకా పైకి తేలని సర్పి, ఇలా ఎన్నో కారణాలుంటాయి. కానీ వాటిలో ఏదో సముద్రాల అవతల నుంచి వీడియో కాల్‌లో తేల్చడానికి మనమెవరం? డాక్టర్లే ఈసీజీ తీయకుండా చెప్పరు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా వదిలెయ్యరు. గుండె కండరం దెబ్బతింటే వెలువడే ట్రోపోనిన్ రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఆ పరీక్ష మళ్లీ చేస్తారు. "ఈసీజీ బాగుందట, ఇంటికొచ్చేశాం" అని అమ్మానాన్నలు అంటే సంతోషపడి ఫోన్ పెట్టేయకండి. రెండో పరీక్ష చేశారా అని అడగండి.

షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవయసు వాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పే ఉండదు. ఆయాసం, చెమటలు, దవడ లాగడం, వీపులో బరువు, వాంతి వచ్చినట్టుండటం, అంతే. మన అమ్మలు వీటిని పనిలో అలసట అనేస్తారు. సన్నగా ఉన్నారనో, రోజూ నడుస్తారనో ధీమా పడొద్దు. అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు దుబాయ్ ఎక్స్‌పో నుంచి హైదరాబాద్ వచ్చిన వెంటనే, 2022 ఫిబ్రవరి 21న, యాభై ఏళ్లకే వెళ్లిపోయారు. వ్యాయామం మానని మనిషి.

కాస్త కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇండియాలో ఇంటికి కెమెరాలు పెట్టించాం, ఏసీలు పెట్టించాం. ఎదురు ఫ్లాట్ వాళ్ల ఫోన్ నంబరు మనలో ఎందరి దగ్గరుంది? అమెరికా నుంచి నేరుగా 108 కొడితే కలవదు. అక్కడే ఉన్నవాళ్లు కొట్టాలి. అందుకే వాచ్‌మన్ నంబరు, పక్కింటి నంబరు, దగ్గర్లో ఉన్న బంధువు నంబరు ఇవాళే మీ ఫోన్లో ఎక్కించుకోండి. తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇప్పించండి. వాడే మందుల పేర్లు, పాత రిపోర్టులు ఫ్రిజ్ తలుపుకు అంటించమనండి. గుండె నొప్పి వస్తే ఆస్పిరిన్ నమలొచ్చా, అది వాళ్లకు పడదా అన్నది డాక్టరుని ముందే అడిగి ఉంచండి. "పిల్లల్ని కంగారు పెట్టడం ఎందుకు" అనే మాట మాత్రం ఇక వద్దని అమ్మానాన్నలకు ఒట్టు పెట్టి చెప్పండి.

వేసవికి వాళ్లను ఇక్కడికి పిలిపించుకునేవారు మరొకటి గుర్తుంచుకోండి. అంతసేపు విమానంలో కదలకుండా కూర్చుంటే కాలిలో రక్తం గడ్డకట్టి, ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఒక్క కాలే వాచినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు వచ్చినా జెట్‌లాగ్ అనుకోకుండా 911కి ఫోన్ చేయండి.

ఇది పెద్దలకే కాదు. లేఆఫ్ మెయిళ్ల కాలంలో ఇక్కడ ఉద్యోగాలు చేసే మన పిల్లలకూ ఛాతీ బిగుసుకుంటోంది. పరీక్షలన్నీ మామూలుగానే ఉండి, డాక్టరు అది ఆందోళన అంటే చిన్నతనంగా భావించొద్దు. ఆ బాధ నిజం, దానికి వైద్యం ఉంది.

ఎర్రమంజిల్ కుటుంబానికి రాత్రికి రాత్రి టికెట్లు చూసిపెట్టిన కార్యకర్తలకు, వేళకాని వేళ ఫోనెత్తిన మన డాక్టర్ సభ్యులకు కృతజ్ఞతలు. సర్వసభ్య సమావేశం రోజున భోజనాలకు ముందు సీపీఆర్ శిక్షణ ఉంటుంది, పదో తరగతి దాటిన పిల్లల్నీ తీసుకురండి.   ఈ సంచిక చివరి పేజీలో అత్యవసర నంబర్ల పట్టిక ఖాళీగా వేశాం. దాన్ని ఫోటో తీసి ఈ రాత్రే మీ అమ్మానాన్నలకు పంపి, ఫోన్లో పక్కనుండి నింపించండి.

— సంపాదకవర్గం